బాస్, ట్రెబుల్ నాబులు తిప్పాలా, వదిలెయ్యాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీకి బాక్సులు తగిలించుకున్నవాళ్ళు, ఫోన్‌లో పాటలు పెట్టి బ్లూటూత్‌లో వినేవాళ్ళు, నాన్నగారి కాలం నాటి స్టీరియో సెట్టుని అటక మీంచి దించినవాళ్ళు ఒడిశాలోని బరంపురంలో మా షాపుకి వచ్చి అడిగే ప్రశ్నలివి. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి ఫోన్‌లో అడిగేవాళ్ళూ ఉన్నారు. తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించినా, ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించినా అడిగేది మాత్రం దాదాపు ఇదే.

సూటిగా చెప్పండి, ఈ కంట్రోల్స్ వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. బాస్ అంటే పాటలో కింది స్వరాలు, ట్రెబుల్ అంటే పై స్వరాలు. మీ గది, మీ చెవులు, మీరు వినే పాట, మీరు పెట్టుకునే వాల్యూమ్ ఇంకొకరి ఇంట్లో ఉన్నట్టు ఉండవు. కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీలో కూర్చుని అవన్నీ ఊహించలేరు. ఆ తేడాను కొంతైనా సర్దుకోవడానికే నాబ్ ఇచ్చారు. సర్దడం వరకే దాని పని. అరచేతంత స్పీకర్‌ని అది పెద్ద వూఫర్‌గా (బాస్ స్పీకర్‌గా) మార్చలేదు, ముందు ఊగుతూ శబ్దం పుట్టించే స్పీకర్ కోన్ చిరిగితే బాగుచెయ్యలేదు.

రిపేరుకి వచ్చే సెట్లలో బాస్ నాబ్ కుడివైపు చివరికంటా తిప్పి ఉండటం మేం తరచుగా చూస్తాం. అలా తిప్పినవాళ్ళలో చాలామందికి నిజంగా కావలసింది ఎక్కువ బాస్ కాదు. స్పీకర్ పెట్టుకోవడానికి ఇంకో చోటు.

మరి బాగా ఖరీదైన యాంపులకు (యాంప్లిఫయర్లకు) ఈ నాబులు ఉండవట కదా? మా బావగారు అవి ఉంటేనే నాసిరకం అంటారు.

మీ బావగారు చెప్పే మాట ఒక కాలంలో గట్టిగా చెలామణి అయింది. దాని వెనక కథ కొంత ఉంది.

ఇవాళ మనం చూసే బాస్, ట్రెబుల్ కంట్రోల్స్‌లో ఎక్కువ భాగం పీటర్ బాక్సాండాల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన సర్క్యూట్ నుంచి వచ్చినవే. అందులో గొప్ప ఏమిటంటే నాబ్ మధ్యలో ఉంటే సౌండ్ మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది, అంతే. రెండు పాట్‌లు (నాబ్ కింద తిరిగే వేరియబుల్ రెసిస్టర్లు), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లతో పని అయిపోతుంది కాబట్టి ప్రపంచమంతా దాన్నే వాడుకుంది.

తర్వాతి దశకాల్లో కొన్ని కంపెనీలు ఈ నాబులు తీసేయడం మొదలుపెట్టాయి. సిగ్నల్ దారిలో సామాను ఎంత తక్కువుంటే సౌండ్ అంత శుద్ధంగా ఉంటుందని వాళ్ళ వాదన. ఇందులో నిజం లేకపోలేదు. స్టీరియోలో ఒకే నాబ్ కింద కుడి ఛానెల్‌కి ఒకటి, ఎడమ ఛానెల్‌కి ఒకటి రెండు పాట్‌లు జతగా తిరుగుతాయి. చవక రకమైతే ఆ రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఒక పక్క బాస్ కాస్త ఎక్కువ, ఇంకో పక్క కాస్త తక్కువ అవుతుంది. అరిగిపోయాక ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అయితే మంచి పాట్ వేసి, అక్కర్లేనప్పుడు ఆ సర్క్యూట్‌ని పూర్తిగా పక్కకి తప్పించే ‘డైరెక్ట్’ బటన్ పెడితే ఈ ఇబ్బంది పోతుంది. చాలా కంపెనీలు ఆ పనే చేశాయి. బటన్ నొక్కితే నాబులు లేనట్టే, తీసేస్తే ఉన్నట్టే. అందుకని నాబ్ ఉన్నంత మాత్రాన యాంప్ నాసిరకం అయిపోదు. నా ఉద్దేశంలో నాబ్ తీసేయడంలో శాస్త్రం కొంతే, ఫ్యాషన్ ఎక్కువ. ముందు ప్యానెల్ మీద ఒక్క వాల్యూమ్ నాబ్ మాత్రమే ఉన్న యాంప్ చూడటానికి ఖరీదుగా కనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

పాటని రికార్డు చేసినవాళ్ళు ఎలా వినిపించాలనుకున్నారో అలాగే వినాలి కదా? నాబ్ తిప్పితే వాళ్ళ పనిని చెడగొట్టినట్టు కాదా?

వాళ్ళు విన్న స్పీకర్లు మీ దగ్గర లేవు, వాళ్ళ గదీ మీ దగ్గర లేదు. ఒక స్టూడియోలో బాస్ ఎక్కువ వినిపించే స్పీకర్లుంటే అక్కడి ఇంజనీరు పాటలో బాస్ తగ్గించి పెడతాడు. ఇంకో స్టూడియోలో దీనికి తిరగబడి జరుగుతుంది. ఆ రెండు పాటలూ మీ ఇంట్లో ఒకే నాబ్ స్థానంలో సరిగ్గా ఎలా వినిపిస్తాయి? స్పీకర్ల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్ ఈ తికమక గురించి చాలా రాశాడు. స్పీకర్‌ని రికార్డింగుతో పరీక్షిస్తాం, ఆ రికార్డింగునేమో ఇంకో స్పీకర్ విని తయారుచేస్తాం, ఇక ఏది తప్పో ఎవరు చెప్పాలి?

కాబట్టి పాటని బట్టి కాస్త సర్దుకోవడంలో ఏ అపచారమూ లేదు. సినిమా పాటల్లోనే చూడండి. ఒకే వారంలో వచ్చిన రెండు సినిమాల పాటల్లో ఒకదాంట్లో గొంతు ముందుకొస్తుంది, ఇంకోదాంట్లో డ్రమ్ముల కింద నలిగిపోతుంది.

లౌడ్‌నెస్ బటన్ ఏం చేస్తుంది? నొక్కి ఉంచాలా, తీసేయాలా?

మన చెవికి ఒక గుణం ఉంది. సౌండ్ తగ్గించేకొద్దీ అన్నీ సమానంగా తగ్గినట్టు వినిపించదు. బాస్ ముందు మాయమైపోతుంది. దీన్ని అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ 1933లో కొలిచి గ్రాఫులుగా వేశారు. ఆ గ్రాఫుల్ని తర్వాత చాలాసార్లు సరిచేసి అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టారు. హెర్ట్జ్ అంటే స్వరం ఎంత పైనుందో చెప్పే కొలత, డెసిబెల్ అంటే సౌండ్ ఎంతుందో చెప్పే కొలత. ఆ ప్రమాణం లెక్కలో 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ సౌండ్ ఎంత వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ బాస్ అంతే వినిపించాలంటే దాదాపు 64 డెసిబెల్స్ కావాలి. పెద్ద సౌండ్‌లో ఈ తేడా బాగా తగ్గిపోతుంది.

అందుకే పగలు గట్టిగా పెట్టినప్పుడు నిండుగా ఉన్న పాట, రాత్రి పిల్లలు పడుకున్నాక తగ్గించి పెడితే పీలగా అనిపిస్తుంది. సెట్టు పాడవలేదు. మీ చెవి అలా పనిచేస్తోంది. లౌడ్‌నెస్ బటన్ ఆ లోటు పూడ్చడానికి బాస్‌ని, చాలా సెట్లలో ట్రెబుల్‌ని కూడా కాస్త ఎత్తుతుంది.

చిక్కంతా ఆ బటన్‌కి మీ గదిలో సౌండ్ నిజంగా ఎంతుందో తెలియకపోవడంలో ఉంది. చాలా సెట్లలో అది వాల్యూమ్ నాబ్ ఎంత తిరిగిందన్నదే చూస్తుంది. స్పీకర్ బలంగా ఉంటే కొంచెం తిప్పగానే గట్టిగా వస్తుంది, బటన్ మాత్రం ఇంకా తక్కువ సౌండే అనుకుని బాస్ పోస్తూనే ఉంటుంది. ఇక గది బోంబోం అంటుంది. యమహా కొన్ని యాంపుల్లో లౌడ్‌నెస్‌ని బటన్‌గా కాకుండా మెల్లగా తిప్పుకునే నాబ్‌గా పెట్టింది. ఇది తెలివైన పని. మీ దగ్గర వట్టి బటన్ మాత్రమే ఉంటే, తక్కువ సౌండ్‌లో నొక్కండి, గట్టిగా పెట్టినప్పుడు తీసేయండి. మూడొందల అరవై ఐదు రోజులూ నొక్కి ఉంచేవాళ్ళే ఎక్కువ, అందుకే దానికి చెడ్డపేరు.

కొత్తగా స్లాబ్ ఇల్లు కట్టుకున్నాం. పాత పెంకుటింట్లో చక్కగా పాడిన సెట్టు ఇక్కడ గుడగుడలాడుతోంది. బాస్ పూర్తిగా తగ్గించినా పోవడం లేదు.

సెట్టు అదే, మారింది గది. పెంకుటింట్లో కప్పులో సందులున్నాయి, కలప ఉంది, మట్టిగోడ ఉంది. శబ్దం కొంత బయటికి పోతుంది, కొంత ఇంకిపోతుంది. సిమెంటు గోడలు, పైన స్లాబ్, కింద టైల్స్ అయితే శబ్దం ఎక్కడికీ పోలేదు. తగిలి వెనక్కి వస్తూనే ఉంటుంది.

ఇక గది కొలతల లెక్క చూడండి. ఎదురెదురు గోడల మధ్య దూరం శబ్దపు అల పొడవులో సరిగ్గా సగమైతే, ఆ స్వరం గదిలో నిలబడిపోయి మిగతా వాటికన్నా బాగా పెద్దదిగా వినిపిస్తుంది. మన వేడికి గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 347 మీటర్లు పోతుంది. పన్నెండు అడుగుల పొడవున్న గదిలో ఆ స్వరం 47 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, పది అడుగుల వెడల్పుకి 57 దగ్గర. కప్పు ఎత్తు కూడా పది అడుగులే అయితే అదే 57 మీద రెండోసారి దెబ్బ పడుతుంది. పది బై పన్నెండు గది, పది అడుగుల స్లాబ్, మన ఊళ్ళలో మేస్త్రీలు అలవాటుగా కట్టే కొలతలివే. ఆ స్వరం దగ్గరకి పాట వచ్చినప్పుడల్లా బీరువా తలుపు కూడా వణుకుతుంది.

బాస్ నాబ్ దీన్ని పూర్తిగా బాగుచెయ్యలేదు, ఎందుకంటే అది కింది స్వరాలన్నిటినీ కలిపి తగ్గిస్తుంది. గుడగుడ తగ్గేసరికి మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ కూడా చప్పబడుతుంది. ముందు చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. స్పీకర్‌ని మూలలోంచి బయటికి తీసి రెండు గోడలకీ దూరంగా జరపండి. మూల, బాస్‌ని పెంచే చోటు. ఒక అడుగు జరిపినా తేడా తెలుస్తుంది. తర్వాత మీరు కూర్చునే చోటు చూడండి. మంచాన్ని గోడకి ఆనించి అక్కడే కూర్చుంటే బాస్ అన్నిటికన్నా ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే ఆ నిలబడిన అల ఒత్తిడి గోడ దగ్గరే ఎక్కువ. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే అదే స్వరం దాదాపు మాయమవుతుంది. రెండింటికీ మధ్య ఎక్కడో మీ కుర్చీ ఉండాలి.

పరుపులు, దళసరి కర్టెన్లు, బట్టలు కుక్కిన అలమారాలు ట్రెబుల్ గణగణని బాగా పీలుస్తాయి. బాస్‌ని అంతగా పీల్చలేవు. గుడ్లట్రేలు గోడకి అంటించే పని మాత్రం పెట్టుకోకండి, దుమ్ము తప్ప ఏమీ రాదు.

ఇవన్నీ చేశాక మిగిలిన గుడగుడకి బాస్ నాబ్‌ని రెండు మూడు గీతలు తగ్గించండి. అక్కడ అది నిజంగా పనికొస్తుంది.

మాకు తిరగబడింది. బాస్ అసలే రావడం లేదు, నాబ్ ఎంత తిప్పినా.

నాబ్ వదిలేసి, ముందు స్పీకర్ వైర్లు చూడండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారైతే ఒక కోన్ ముందుకి తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బాస్ పోతుంది, పాట మధ్యలోంచి కాక నలుదిక్కుల నుంచీ వస్తున్నట్టు ఉంటుంది. ఒక్క స్పీకర్ వెనక మాత్రం వైర్లు మార్చి చూడండి, బాస్ ఒక్కసారిగా తిరిగొస్తే కారణం అదే. పెయింటు వేయించినప్పుడో, దీపావళికి ఇల్లు దులిపినప్పుడో వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టిన ఇళ్ళలో ఇది మామూలు.

బాస్ ఎంత పెంచితే ప్రమాదం లేదు?

మంచి ప్రశ్న, అడిగేవాళ్ళే తక్కువ.

సౌండ్‌ని 3 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్ ఇచ్చే పవర్ రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెంచాలంటే పదిరెట్లు. బాక్సాండాల్ రకం బాస్ నాబ్‌ని చివరికంటా తిప్పితే కింది స్వరాలు సుమారుగా ఆ పది డెసిబెల్సే పెరుగుతాయి. అంటే ఒక వాట్‌తో హాయిగా పాడుతున్న యాంప్‌ని బాస్ దెబ్బ దగ్గర పది వాట్లు అడుగుతున్నారు. వాల్యూమ్ ఇంకాస్త పెంచారనుకోండి, లెక్క మీరే వెయ్యండి.

మన వైపు లోకల్‌గా తయారయ్యే చాలా సెట్లలో ఉండేది 4440 ఐసీ (చిప్) బోర్డు. సాన్యో కంపెనీ ఆ ఐసీని తయారుచేసినప్పుడు చెప్పిన పవర్ స్టీరియోలో ఛానెల్‌కి 6 వాట్లు. బాక్సు మీద వెయ్యి వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని రాసి ఉండొచ్చు, ఆ అంకెకీ పాటకీ సంబంధం లేదు. ఇలాంటి యాంప్‌లో బాస్ పూర్తిగా పెంచి వాల్యూమ్ కూడా పెంచితే పవర్ అయిపోతుంది. అల పైభాగం, కిందిభాగం కత్తిరించినట్టు చదునవుతాయి, మేం దాన్ని క్లిప్పింగ్ అంటాం. చదునైన అలలో కొత్తగా పుట్టుకొచ్చే పై స్వరాలు ట్వీటర్‌లోకి, అంటే పై స్వరాలు పాడే చిన్న స్పీకర్‌లోకి పోతాయి, దాని సన్నటి కాయిల్ కాలిపోతుంది. బాస్ పెంచితే ట్వీటర్ ఎందుకు పోయిందని అడుగుతుంటారు. పోయేది అలాగే.

గట్టిగా వినాలనుకున్న రోజున బాస్ నాబ్ మధ్యలోనే ఉంచండి. పాట బొంగురుపోయినట్టు, చిరిగినట్టు వినిపించిన క్షణం వాల్యూమ్ తగ్గించండి. వేసవి సాయంత్రాల్లో ఊళ్ళో వోల్టేజ్ పడిపోతే మామూలు యాంప్ పవర్ కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి. పగలు బాగా పాడిన స్థాయిలోనే సాయంత్రం చిరగవచ్చు.

పెంచడం కన్నా తగ్గించడం మేలంటారు. ఎందుకు?

బాస్ ఎక్కువ కావాలంటే ట్రెబుల్ కాస్త తగ్గించి, వాల్యూమ్ కొంచెం పెంచినా దాదాపు అదే ఫలితం వస్తుంది. చెవి చూసేది ఈ రెంటి మధ్య పొంతనే. గట్టిగా వినేటప్పుడు మొత్తం పవర్ మీద ఒక కన్ను ఎలాగూ ఉండాలి. అయినా తగ్గించడం అలవాటైన చెవికి పాటలో ఎక్కువైనది ఏదో త్వరగా పట్టుబడుతుంది. బ్రిటన్‌లో క్వాడ్ కంపెనీ తన 34 ప్రీయాంప్‌లో (యాంప్‌కి ముందు ఉండే, నాబులున్న పెట్టెలో) టిల్ట్ అనే కంట్రోల్ పెట్టింది. ఒక వైపు తిప్పితే బాస్ పెరిగి ట్రెబుల్ తగ్గుతుంది, ఇంకో వైపు తిప్పితే దానికి తిరగబడి, త్రాసులా. ఇళ్ళకి ఇంతకన్నా ఉపయోగమైన నాబ్ లేదని నాకనిపిస్తుంది. దురదృష్టం ఏమిటంటే మన మార్కెట్‌లో దాదాపు ఎవరూ పెట్టరు.

అమ్మ రేడియో, పాత సినిమా పాటలు వింటుంది. ట్రెబుల్ పెంచితే స్పష్టంగా ఉంటుందా?

మీడియం వేవ్ రేడియో అయితే పెంచకండి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. పక్క స్టేషన్ కలవకుండా ఉండటానికి రేడియో సెట్లు నాలుగైదు కిలోహెర్ట్జ్ పైన ఉన్నదాన్ని కోసేస్తాయి. ఆ పైన మీరు పెంచేది పాట కాదు, బుస్సుమనే చప్పుడూ, ట్యూబ్‌లైటు రొదా. జయపురం ఆకాశవాణి కొండల మీదుగా వచ్చేటప్పుడు ఆ చప్పుడు ఎలా ఉంటుందో అటు ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ట్రెబుల్‌ని సగానికి తగ్గించి వినండి, గొంతు ముందుకొస్తుంది. ఎఫ్ఎం వేరే సంగతి. అందులో 15 కిలోహెర్ట్జ్ వరకూ పాట ఉంటుంది, నాబ్ మధ్యలో ఉంచినా చాలు.

పాత పాటల విషయంలో, అరిగిన రికార్డు మీంచి తీసుకున్న పాటలో గీతల చప్పుడంతా పైనే ఉంటుంది, గాయకుడి గొంతు దాని కిందే ఉంటుంది. ట్రెబుల్ తగ్గించినంత మాత్రాన గొంతుకి పెద్దగా నష్టం లేదు. అయితే ఇప్పుడు యూట్యూబ్‌లో దొరికే చాలా పాత పాటలు ఎవరో చప్పుడు తీసెయ్యాలని మరీ గట్టిగా కడిగినవి. వాటికి కొంచెం ట్రెబుల్ పెంచితే ప్రాణం వచ్చినట్టుంటుంది. పాట విని తిప్పండి.

పది బ్యాండ్ల ఈక్వలైజర్ ఉంది. అందరూ రెండు చివర్లు పైకి, మధ్యవి కిందికి పెడతారు. అదేనా పద్ధతి?

షోరూమ్‌లో వినడానికి బాగుంటుంది ఆ ఆకారం. ఇంట్లో అరగంట విన్నాక చెవి అలిసిపోతుంది, ఎందుకంటే పాటలో గొంతు, వయొలిన్, వేణువు ఉండేదంతా ఆ మధ్యలోనే. మీరు దాన్నే కిందికి నొక్కేశారు.

పాటని పది భాగాలు చేసి విడివిడిగా పెంచే, తగ్గించే ఆ పది బ్యాండ్లు మామూలుగా 31 హెర్ట్జ్‌తో మొదలై రెట్టింపవుతూ 16 కిలోహెర్ట్జ్ దాకా పోతాయి. 31 దగ్గర ఇంటి స్పీకర్లలో చాలావాటికి సౌండే రాదు, దాన్ని పెంచితే కోన్ ఊగడమే తప్ప వినిపించేది లేదు. దించేయండి. 62 దగ్గర డీజే బాస్ గుద్దు, మన గది గుడగుడ రెండూ ఉంటాయి. 125, 250 పాటకి ఒళ్ళు ఇస్తాయి, ఎక్కువైతే గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు ముద్దగా అవుతుంది. గోడ అలమారాలో ఇరికించిన స్పీకర్లకి 250 కాస్త తగ్గించి చూడండి, వెంటనే తేలికపడుతుంది. 500, 1000 జోలికి పోకపోవడమే మంచిది. 2000, 4000 దగ్గర మాట స్పష్టత ఉంటుంది. నాదస్వరం కొరికినట్టు ఉంటే ఇక్కడే తగ్గించాలి. 8000 దగ్గర స, శ అక్షరాల ఈలా, కీర్తన మండళ్ళ గిని తాళాల మోతా ఉంటాయి. 16000ని యాభై దాటిన చాలామంది పెద్దగా వినరు, పెంచినా తగ్గించినా ఇంట్లో గొడవ రాదు.

ఒకసారి అన్నీ సున్నా దగ్గర పెట్టి, ఏది ఇబ్బంది పెడుతోందో దాన్నొక్కదాన్ని మెల్లగా తగ్గించండి. మూడు నాలుగు బ్యాండ్లకన్నా ఎక్కువ కదిలించాల్సి వస్తోందంటే స్పీకర్‌లోనో గదిలోనో లోపం ఉంది, ఈక్వలైజర్‌తో దాన్ని గెలవలేరు. ఏ స్వరం దగ్గర, ఎంత వెడల్పున, ఎంత తగ్గించాలో ఎంచుకునే పారామెట్రిక్ రకం ఇంకా బాగా పనిచేస్తుంది. జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో దాని మీద పేపర్ సమర్పించాడు, ఇప్పుడు ఫోన్ యాపుల్లోనే దొరుకుతోంది. గది గుడగుడ 57 దగ్గర ఉంటే అక్కడొక్కచోటే సన్నగా కొయ్యడం దానితో కుదురుతుంది.

రాక్, జాజ్, క్లాసికల్, పాప్ అని ప్రీసెట్లున్నాయి. కర్ణాటక సంగీతానికి ఏది?

ఏదీ కాదు. ఫ్లాట్, అంటే అన్నీ సున్నా దగ్గర.

మా నాన్నగారికి టీవీలో మాటలు తెలియడం లేదు. సౌండ్ పెంచితే పక్కింటివాళ్ళు గొడవ. ఏం చెయ్యాలి?

ఈ నాబుల అసలైన ఉపయోగం నాకు ఇక్కడే కనిపిస్తుంది. వయసు మీద పడుతుంటే చెవి ముందుగా కోల్పోయేది పై స్వరాల్ని. అచ్చులు కింద ఉంటాయి, గట్టిగానే వినిపిస్తాయి. హల్లులు, ముఖ్యంగా త, స, శ, చ లాంటివి పైన ఉంటాయి, అవే పోతాయి. అందుకే ‘వినిపిస్తోంది కానీ అర్థం కావడం లేదు’ అంటారు పెద్దవాళ్ళు. వాల్యూమ్ పెంచితే అచ్చులూ, వెనకాల వాయిద్యాలూ ఇంకా పెరుగుతాయి, హల్లులు వాటి కింద పడిపోతాయి. ఇక ఒడియా సీరియల్ అయినా తెలుగు వార్తలైనా ఒకటే.

బాస్ బాగా తగ్గించండి. ట్రెబుల్ రెండు మూడు గీతలు పెంచండి. సౌండ్‌బార్‌లో వాయిస్ లేదా డైలాగ్ అనే మోడ్ ఉంటే అది వేయండి, మిగతా మోడ్‌లకన్నా అదే నిజంగా పనిచేస్తుంది. నైట్ మోడ్ ఉంటే పెద్ద శబ్దాలు తగ్గి చిన్న మాటలు పైకి వస్తాయి, పక్కింటివాళ్ళ గొడవ కూడా సగం తీరుతుంది. టీవీలో స్పీకర్లు చాలాసార్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి. సౌండ్ గోడకి తగిలి వస్తుంది. చిన్న స్పీకర్ జత కొని ఆయన కుర్చీ వైపు తిప్పి పెట్టినా చాలా తేడా వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా ‘ఏంటన్నాడు?’ అని అడుగుతూనే ఉంటే చెవి డాక్టరుకి చూపించండి. వినికిడి యంత్రం చేసే పని మా నాబ్ చెయ్యలేదు.

బ్యాలెన్స్ నాబ్‌తో పనేముంది?

కుర్చీ ఒక స్పీకర్‌కి దగ్గరగా ఉంటే, లేదా ఒక చెవి తక్కువగా వింటే, కొంచెం రెండో వైపు తిప్పండి. ఒక చెవి పూర్తిగా వినని వాళ్ళకి బ్యాలెన్స్ కన్నా, కుడి ఎడమల పాటని కలిపి రెండు వైపులా ఒకటే ఇచ్చే మోనో బటన్ మేలు. లేకపోతే, ముఖ్యంగా ఇయర్‌ఫోన్లలో, పాటలో కొన్ని వాయిద్యాలు వాళ్ళకి అందవు. ఇది కొత్త ఫోన్లలో కూడా సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంది, యాంప్‌లో బాస్ నాబ్ ఉంది, సబ్‌వూఫర్‌కి వేరే నాబ్ ఉంది. ఏది వాడాలి భాయి?

ఒకే చోట వాడండి. మూడు చోట్లా కొంచెం కొంచెం పెంచితే చివరికి ఎంత పెంచారో మీకే తెలియదు. ఫోన్‌ని ఫ్లాట్‌లో ఉంచండి, ఎందుకంటే ఫోన్‌లో బాస్ మరీ పెంచితే డిజిటల్‌గా అక్కడే చిరిగిపోతుంది. తర్వాత దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. సబ్‌వూఫర్ ఉంటే దాని లెవెల్ నాబ్‌తో ముందు సర్దండి. పాట ఆపకుండా సబ్‌ని ఒక్కసారి ఆఫ్ చేసి చూడండి. అది ఉన్నట్టే తెలియకుండా, ఆపితే మాత్రం లోటు తెలిస్తే సరిగ్గా పెట్టినట్టు.

మైకు పెట్టి గదిని కొలిచి తనంతట తానే సర్దుకునే సెట్లు వస్తున్నాయి. ఇక నాబ్ అక్కర్లేదా?

ఆడిసీ, డిరాక్ లాంటి సాఫ్ట్‌వేర్లు బాస్ విషయంలో మంచి పని చేస్తాయి, ముఖ్యంగా గది గుడగుడని. కానీ అవి గదిని కొలుస్తాయి, మీ వయసుని కాదు, ఈ పాటని కాదు. వాటి తర్వాత కూడా బాస్, ట్రెబుల్ కొంచెం తిప్పుకునే వీలుంటే ఉంచుకోండి.

బరంపురం ఠాకురాణి యాత్రలో డీజే బాస్ గుండెలో కొడుతుంది. ఇంట్లో అలా రావాలంటే ఏ సెట్టింగ్?

ఏ సెట్టింగూ లేదు బాబూ. ఆ బండి మీద నిలువెత్తు బాక్సులు, వేల వాట్లు. మీ ఇంట్లో 62 బ్యాండ్ పైకి నెడితే వచ్చేది ఆ గుద్దు కాదు, స్పీకర్ కోన్ కొట్టుకోవడం. ఇంకో మాట, పక్కింటి గోడలోంచి దూసుకుపోయేది కూడా బాసే, గొంతు కాదు. 50 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. దాన్ని ఇటుక గోడ సరిగ్గా ఆపలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. బాస్ తగ్గించడం పక్కింటివాళ్ళతో స్నేహానికి అన్నిటికన్నా చవకైన దారి.

తిప్పినప్పుడు బాగైనట్టే ఉంటుంది. నిజంగా బాగైందో, అనిపిస్తోందో ఎలా తెలుస్తుంది?

ఏ నాబ్ కుడికి తిప్పినా సౌండ్ కొంత పెరుగుతుంది, పెరిగిన సౌండ్ ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. షోరూముల్లో అమ్మేవాళ్ళకి ఇది బాగా తెలుసు. అందుకని నాబ్ తిప్పాక వాల్యూమ్‌ని కాస్త తగ్గించి రెండూ సమానమైనట్టు చేసి పోల్చండి. కళ్ళు మూసుకుని కూర్చుని, డైరెక్ట్ బటన్‌ని ఇంట్లో ఎవరి చేతైనా నొక్కించండి. నొక్కారో లేదో మీకు చెప్పకూడదు. పిల్లలకి ఈ ఆట చాలా ఇష్టం. ఏది ఏదో మీరు గుర్తుపట్టలేకపోతే, తిప్పి ఒరిగేది లేనట్టే, మధ్యలోకి తెచ్చేయండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

బాస్, ట్రెబుల్ విడివిడిగా ఉన్నాయా, నాబ్ మధ్యకి వచ్చినప్పుడు టక్‌మని ఆగుతుందా, డైరెక్ట్ బటన్ ఉందా. రిమోట్‌లోనే సర్దుకునే రకమైతే ఎంత పెట్టారో తెర మీద అంకె కనిపించాలి, లేదంటే చీకట్లో తడుముకోవడమే. మీకు బాగా తెలిసిన పాట ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళి, షాపువాడు పెట్టిన సెట్టింగులన్నీ సున్నా చేయించి వినండి. సున్నాలో నచ్చని సెట్టుని నాబులు చూసుకుని కొనకండి.

నాబ్ తిప్పితే కరకరమంటోంది. కొబ్బరినూనె వెయ్యొచ్చా?

వద్దు. నూనె మీద దుమ్ము పేరుకుని నెల తిరక్కుండా ఇంకా అధ్వాన్నమవుతుంది. గోపాలపూర్, ఛత్రపురం వైపు సముద్రగాలి తగిలే ఇళ్ళలో ఈ కరకర త్వరగా వస్తుంది, తేమకీ ఉప్పుకీ లోపలి పట్టీ పాడవుతుంది. సెట్టు ప్లగ్ తీసేసి, పాట్ సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి చాలాసార్లు తిప్పండి. ఆరాక వెయ్యండి. అయినా కరకర పోకపోతే రెండు కారణాలుండొచ్చు. పట్టీ అరిగిపోయి ఉండాలి, లేదా ముందున్న కెపాసిటర్ లీకై పాట్ మీదకి డీసీ కరెంటు వస్తూ ఉండాలి. రెండోదైతే ఎన్ని కొత్త పాట్‌లు మార్చినా కరకర తిరిగొస్తుంది, కెపాసిటర్ మార్చాలి.

పాట్ మార్పించేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె, అక్షరం మెకానిక్‌కి చూపించండి. ఇక్కడ దొరికే పాట్‌లలో బీ అంటే సమంగా పెరిగే రకం, ఏ అంటే వాల్యూమ్‌కి వేసే రకం. బాక్సాండాల్ రకం బాస్, ట్రెబుల్‌కి బీ కావాలి. దాని స్థానంలో ఏ వేసేస్తే పాట వస్తుంది, నాబ్ తిరుగుతుంది, కానీ మధ్య గీత దగ్గర పెట్టినా సౌండ్ సమంగా ఉండదు.